ఎగువ తూము ఎత్తిందెవరు? ఉబ్బసంలో అమైనో ఆమ్లాల లెక్క

మన ఇళ్లలో మందుల డబ్బా తెరిస్తే పారాసిటమాల్ పక్కనే ఇంకో మాత్ర దాదాపు ఖాయంగా కనిపిస్తుంది. మాంటెలుకాస్ట్, లివోసెట్రిజిన్ కలిపి చేసిన మాత్ర అది. తుమ్ములొచ్చినా, ముక్కు కారినా, చలికాలం రాత్రి దగ్గు ఆగకపోయినా, ఛాతీలో పిల్లికూతలు మొదలైనా డాక్టర్ రాసేది చాలాసార్లు అదే. ఆ మాత్రలో ఒక మందు హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి పుట్టిన రసాయనానికి అడ్డం పడుతుంది. రెండో మందు, సిస్టీన్ అనే ఇంకో అమైనో ఆమ్లాన్ని తోకకి తగిలించుకుని తిరిగే రసాయనానికి అడ్డం పడుతుంది. అంటే "ఉబ్బసానికీ అమైనో ఆమ్లాలకీ సంబంధం ఏమిటండీ" అని ఆశ్చర్యపోయేవాళ్లలో కొందరు ఆ సంబంధాన్ని రాత్రి భోజనం తర్వాత ఏళ్ల తరబడి మింగుతూనే ఉన్నారు.

ఈ ప్రశ్న ఈమధ్య జిమ్ముల్లోంచి ఎక్కువగా వస్తోంది. చిన్నప్పటి నుంచి ఆయాసం ఉన్న ఇరవై మూడేళ్ల కుర్రాడిని ఊహించుకోండి. హైదరాబాద్‌లో ఉద్యోగం, హాస్టల్లో మకాం, సాయంత్రం జిమ్. ట్రైనర్ ఒక డబ్బా చూపిస్తాడు. మీద ఆర్జినిన్, సిట్రులిన్ అని పెద్దక్షరాలు. "ఇది నైట్రిక్ ఆక్సైడ్ పెంచుద్ది బ్రో, నరాల్లో బ్లడ్ ఫ్లో పెరుగుద్ది, నీ బ్రీతింగ్ కూడా ఫ్రీ అయిపోద్ది" అంటాడు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "ఆ పొడులు వేడి చేస్తాయిరా, ఆయాసం ఎక్కువవుతుంది, వద్దు" అంటుంది. ఇద్దరి మాటా సరికాదు. కానీ ట్రైనర్ పొరపాటులోనే అసలు విషయం ఉంది. ఎందుకంటే అతను చెప్పిన మూడు ముక్కల్లో మొదటి రెండింటిలో చాలావరకు నిజముంది. మూడోది మాత్రం వాటి వెనకాల రాదు. ఎందుకు రాదో చూడటమే ఈ వ్యాసం పని.

కాలువ కింద వ్యవసాయం చేసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. డ్యామ్‌లో నీళ్లుంటాయి, కాలువకి వదులుతారు, పేపర్లో క్యూసెక్కుల లెక్క కూడా వస్తుంది. అయినా శివారు భూములు ఎండుతాయి. పైన ఎవరో తూము పూర్తిగా ఎత్తేసి ఉంటారు. తిండిలోంచి వచ్చే 20 రకాల అమైనో ఆమ్లాలు ప్రొటీన్లు కట్టడానికి ఇటుకలని బళ్లో చదువుకున్నాం. అది సగం కథ. అవే అమైనో ఆమ్లాలు చిన్న చిన్న రసాయనాలుగా మారి ఒక కణం కబురు ఇంకో కణానికి మోస్తాయి, కండరాన్ని బిగిస్తాయి, వదులు చేస్తాయి, గాయాన్ని పూడుస్తాయి. ఏది దేనిగా మారాలో తేల్చేవి ఎంజైములు. ఒక్కో ఎంజైమూ ఒక్కో తూము. ఉబ్బసంలో అమైనో ఆమ్లాల గొడవ చాలామటుకు కొరత గొడవ కాదు, పంపకాల గొడవ.

ముందు చిన్న తూము. హిస్టిడిన్ నుంచి ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువును ఊడదీస్తే హిస్టమిన్ వస్తుంది. ఒకే అడుగు. మన శ్వాసనాళాల గోడల్లో ఉండే మాస్ట్ కణాలు దీన్ని ముందే తయారు చేసి చిన్న సంచుల్లో నింపి పెట్టుకుంటాయి. పడనివాళ్లకి వయ్యారిభామ పుప్పొడో, పరుపుల్లో బతికే డస్ట్ మైట్ల రెట్టో తగలగానే ఆ సంచులు ఖాళీ అవుతాయి. చేప అనగానే మనకి మృగశిర కార్తె గుర్తొస్తుంది గానీ, ఇక్కడ చెప్పాల్సిన చేప వేరు. కానాగంతలు, సూర చేపల కండలో హిస్టిడిన్ బాగా ఎక్కువ. (కానాగంత శాస్త్రీయ నామంలో 'కనగుర్త' అనే మాట ఉంది. అది మన విశాఖ తీరం నుంచి లాటిన్‌లోకి వెళ్లిన తెలుగు పేరే.) వీటిని ఐస్ లేకుండా ఎండలో వదిలేస్తే బ్యాక్టీరియా ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు వస్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఊపిరి కూడా బిగుసుకోవచ్చు. "నాకు చేప పడదు" అని ముద్ర వేసుకున్నవాళ్లలో కొందరి సంగతి ఇదే. తాజా చేపలోనూ అదే హిస్టిడిన్ ఉంది, దానితో ఏ ఇబ్బందీ లేదు. తేడా అంతా తూము తెరిచిన బ్యాక్టీరియాలో ఉంది.

హిస్టమిన్ ఒక్కటే ఉబ్బసాన్ని నడిపించి ఉంటే ఎలర్జీ మాత్రతో జబ్బు తీరిపోయేది. తీరదు. ఆ మాత్ర ముక్కుకి పనిచేసినంతగా ఊపిరితిత్తులకి పనిచేయదు. ఎందుకో తెలియడానికి చాలా కాలం పట్టింది. 1938లో ఫెల్డ్‌బర్గ్, కెల్లవే అనే శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలో నాగుపాము విషాన్ని గినీ పంది ఊపిరితిత్తుల్లోకి పంపి ఏం జరుగుతుందో చూశారు. హిస్టమిన్ బయటికొచ్చింది. దాంతోపాటు ఇంకేదో కూడా వచ్చింది. అది కండరాన్ని మెల్లగా బిగించింది, బిగించాక ఎంతసేపటికీ వదల్లేదు. అదేమిటో తేలక 'మెల్లగా పనిచేసే పదార్థం' అనే పిలుస్తూ వచ్చారు, ఒకటీ రెండూ కాదు, నలభై ఏళ్లు. 1979లో స్వీడన్‌లో బెంగ్ట్ శామ్యూల్సన్ బృందం దాని రూపం పట్టుకుంది. ఒక కొవ్వు ఆమ్లం, దానికి సిస్టీన్ దగ్గర అతుక్కున్న గ్లూటాథయోన్ అనే మూడు అమైనో ఆమ్లాల గొలుసు. దానికి ల్యూకోట్రయీన్ అని పేరు పెట్టారు. 1982లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో శామ్యూల్సన్ ఒకరు.

ఆ గొలుసు సంగతి కొంచెం ఆగి చూడాలి. గ్లూటామేట్, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు పూసలు. ల్యూకోట్రయీన్ కణం నుంచి బయటికి రాగానే ఒక ఎంజైమ్ గ్లూటామేట్‌ను కత్తిరిస్తుంది. అప్పుడు మిగిలే రూపమే శ్వాసనాళాన్ని అన్నిటికన్నా గట్టిగా బిగించేది. తర్వాత ఇంకో ఎంజైమ్ గ్లైసిన్‌ను కత్తిరిస్తుంది. ఇక సిస్టీన్ ఒక్కటే తోకలా వేలాడుతూ ఉంటుంది. ఆ చివరి రూపాన్ని మూత్రంలో కొలవొచ్చు. ఆ మొదటి కత్తెర పేరు జీజీటీ. అవును, లివర్ టెస్టు రిపోర్టులో మీరు చూసే జీజీటీ అదే. శ్వాసనాళాన్ని బిగించడంలో ఈ ల్యూకోట్రయీన్లు హిస్టమిన్ కన్నా సుమారు వెయ్యి రెట్లు బలమైనవి. అవి వచ్చి కూర్చునే కుర్చీని ముందే ఆక్రమించుకోవడం మాంటెలుకాస్ట్ చేసే పని. మందు మంచిదే, కానీ దాన్ని చాక్లెట్‌లా వాడే అలవాటు మంచిది కాదు. నిద్రలో పీడకలలు, కారణం లేని టెన్షన్, దిగులు లాంటివి కొందరిలో కనిపిస్తున్నాయని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీని మీద తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్ర వేయించింది. ఉద్యోగం ఒత్తిడి, ప్రేమ ఒత్తిడి రెండూ ఉండే వయసులో ఆ మార్పు మాత్రది అని తట్టడం కష్టం. అందుకే ముందే తెలిసి ఉండాలి.

ఇక పెద్ద కాలువ. ఆర్జినిన్.

పల్లీల్లో, నువ్వుల్లో, పప్పుల్లో, మాంసంలో ఇది దండిగా ఉంటుంది. 100 గ్రాముల పల్లీల్లోనే సుమారు 3 గ్రాములు దొరుకుతుంది. ఆర్జినిన్ కాలువకి ఊపిరితిత్తుల దగ్గర ముఖ్యంగా రెండు తూములున్నాయి. ఒకటి నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్. ఇది ఆర్జినిన్‌ను నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుగా, సిట్రులిన్‌గా మారుస్తుంది. రెండోది ఆర్జినేజ్. ఇది ఆర్జినిన్‌ను ఆర్నిథిన్‌గా, యూరియాగా విడగొడుతుంది. కాలేయంలో ఆర్జినేజ్ లేకపోతే ఒంటికి పెద్ద ముప్పే, ఒంట్లో తయారయ్యే విషపు అమ్మోనియాను యూరియాగా మార్చి బయటికి పంపే చక్రంలో అది ఆఖరి మెట్టు. ఆ చక్రాన్ని హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ 1932లోనే గీసి చూపించారు. కానీ ఊపిరితిత్తుల్లో ఆ యూరియా చక్రం నడవదు. అక్కడ ఆర్జినేజ్‌కి ఏం పని? మరమ్మతు పని. ఆర్నిథిన్ నుంచి ప్రోలిన్ వస్తుంది, ప్రోలిన్ నుంచి కొల్లాజెన్ అనే గట్టి పీచు. ఆర్నిథిన్ నుంచే పాలీఅమీన్లు కూడా వస్తాయి, కణాలు పెరగడానికి, విడిపోవడానికి అవి కావాలి. గాయం పూడ్చడానికి ఇవన్నీ అవసరమే. గాయం మానకుండా ఏళ్ల తరబడి నడుస్తుంటేనే చిక్కు.

నైట్రిక్ ఆక్సైడ్ చరిత్ర వింతగా ఉంటుంది. 1980ల దాకా అది బండ్ల పొగలో కనిపించే కాలుష్య వాయువు మాత్రమే. తర్వాత అదే రక్తనాళాలను వదులు చేసే సంకేతమని తేలింది, ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ తెచ్చిపెట్టింది. ఈలోగా 1991లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు మనం వదిలే ఊపిరిలోనూ ఈ వాయువు ఉందని చూపించారు. 1993లో ఉబ్బసం ఉన్నవాళ్ల ఊపిరిలో అది మామూలు కన్నా ఎక్కువగా ఉందని తేలింది.

ఇక్కడే ముడి పడింది. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాల్లాగే శ్వాసనాళాలనూ వదులు చేసేదైతే, ఉబ్బసం రోగుల ఊపిరిలో తక్కువ ఉండాలి కదా? ఎక్కువెందుకుంది? ఎక్కువున్నా ఊపిరి ఎందుకు బిగుస్తోంది?

ఒకే పేరుతో తిరిగే ఆ సింథేజ్ ఎంజైమ్ నిజానికి ఒకటి కాదు, మూడు రకాలు. నరాల చివర్లలో, రక్తనాళాల పొరలో ఉండేవి రెండు. అవి చిటికెడు చిటికెడుగా, అవసరమైనప్పుడు మాత్రమే నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి. కండరం వదులయ్యేది వీటి పుణ్యమే. మూడో రకం వాపు ఉన్నచోట పుట్టుకొచ్చేది. ఎలర్జీ తరహా ఉబ్బసంలో ఇంటర్‌ల్యూకిన్ 4, 13 అనే సంకేతాలు శ్వాసనాళం లోపలి పొరకి ఆజ్ఞ ఇస్తే, ఆ పొర కణాలు ఈ మూడో రకాన్ని కుప్పలు తెప్పలుగా తయారు చేస్తాయి. అదొచ్చాక నైట్రిక్ ఆక్సైడ్ చుక్కలుగా కాదు, ధారగా వస్తుంది. అందులో చాలా భాగం కండరం వైపు పోకుండా ఊపిరితో బయటికి పోతుంది. ఇంకొంత, వాపులో పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలతో కలిసి పెరాక్సీనైట్రైట్ అనే, కణాలను కాల్చే పదార్థమవుతుంది. పైగా ఆర్జినిన్ చాలినంత అందకపోతే ఈ సింథేజులే నైట్రిక్ ఆక్సైడ్ బదులు ఆ చురుకైన ఆక్సిజన్‌ను తయారు చేయడం మొదలుపెడతాయి. డీజిల్ సరిగ్గా అందని ఇంజను పొగ కక్కినట్టు.

అయితే అదే ఇంటర్‌ల్యూకిన్ 13 ఆర్జినేజ్ తూమును కూడా ఎత్తిస్తుంది. 2003లో అమెరికాలోని సిన్సినాటిలో పరిశోధకులు ఎలుకల్లో ఉబ్బసం తెప్పించి ఊపిరితిత్తుల్లో ఏయే జన్యువులు రెచ్చిపోతున్నాయో వేలల్లో వెతికారు. ఎవరూ పెద్దగా అనుకోని ఆర్జినేజ్ ముందువరసలో కనిపించింది. మరుసటి ఏడాది ఉబ్బసం ముదిరి ఆసుపత్రికి వచ్చిన మనుషుల్లో చూస్తే రక్తంలో ఆర్జినేజ్ పని ఎక్కువగా, ఆర్జినిన్ తక్కువగా ఉంది. రెండు ఎంజైముల తత్వం వేరువేరు. సింథేజ్‌కి ఆర్జినిన్ మీద మోజెక్కువ, కొంచెమున్నా పట్టుకుంటుంది, కానీ పని నెమ్మది. ఆర్జినేజ్‌కి పట్టు తక్కువ, కానీ మింగే వేగం వెయ్యి రెట్ల దాకా ఎక్కువ. ఎత్తులో పెట్టిన వెడల్పాటి తూము అనుకోండి. కాలువ నిండుగా పారితే చాలు, అది పొలాలకి పొలాలే ముంచేస్తుంది. శివారులో ఉన్న చిన్న తూములకి, అంటే కండరాన్ని వదులు చేసే ఆ చిటికెడు నైట్రిక్ ఆక్సైడ్‌కి, చెమ్మ కూడా మిగలదు. ఇప్పటి అవగాహన ఇది. లోపలి పొర దగ్గర పొగ, కండరం దగ్గర కరవు, గోడల్లో కొల్లాజెన్ మేట.

ఆ మేట సంగతే కుర్రాళ్లు పట్టించుకోనిది. మన ఊపిరితిత్తుల సామర్థ్యం ఇరవైల్లో శిఖరానికి చేరి, ఆ తర్వాత ఏటా కొంచెం కొంచెం తగ్గుతుంది. అందరికీ అంతే. ఆ శిఖరం ఎంత ఎత్తుకి చేరితే డెబ్బై ఏళ్లకి మెట్లెక్కడం అంత తేలిక. సరిగ్గా ఈ వయసులోనే శ్వాసనాళాల గోడలు మందమైతే శిఖరమే పొట్టిదవుతుంది. కానీ ఇదే వయసులో ఉబ్బసం మోసం చేస్తుంది. పదిహేనేళ్లకి చాలామందిలో పిల్లికూతలు మాయమవుతాయి, "పెద్దవాడయ్యాక పోయింది" అని ఇంట్లో సంబరపడతారు. వాళ్లలో కొందరికి ఇరవైల్లో మళ్లీ తిరిగొస్తుంది. చిన్నప్పుడు మగపిల్లల్లో ఎక్కువగా కనిపించే ఈ జబ్బు, యుక్తవయసు దాటాక ఆడవాళ్లలో ఎక్కువవుతుంది. మధ్యలో మాయమైన ఆ కొన్నేళ్లూ వాపు పూర్తిగా చల్లారకుండా, నివురు కింద నిప్పులా చాలామందిలో మిగిలే ఉంటుంది.

ఇప్పుడు ట్రైనర్ డబ్బా దగ్గరికి వెళ్దాం. ఆర్జినిన్ తగ్గుతోంది కాబట్టి ఆర్జినిన్ తాగితే సరిపోదా? డ్యామ్ గేట్లు ఎత్తితే శివారుకి నీళ్లొస్తాయా అన్నట్టే ఉంటుందీ ప్రశ్న. తాగిన ఆర్జినిన్‌లో పెద్ద భాగాన్ని పేగు గోడ, కాలేయం దారిలోనే ఖర్చు చేసేస్తాయి, అక్కడ ఆర్జినేజ్ పుష్కలంగా ఉంది కాబట్టి. మిగిలి ఊపిరితిత్తుల దాకా వెళ్లినదాన్ని ఎగువ తూము కాచుకుని ఉంటుంది. ఎక్కువ నీళ్లొస్తే అదే ఎక్కువ తాగుతుంది. ఊహ కాదు, పరీక్షించి చూశారు. తీవ్రమైన ఉబ్బసం ఉన్నవాళ్లకి నెలల తరబడి ఆర్జినిన్ ఇచ్చిన ట్రయల్ ఫలితాలు కాలిఫోర్నియా నుంచి 2020లో వచ్చాయి. ఉబ్బసం తిరగబెట్టడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

సిట్రులిన్ కథ కొంచెం వేరు, నాకు ఆసక్తిగా అనిపించేది కూడా అదే. పేరులోనే ఉన్నట్టు దీన్ని మొదట పుచ్చకాయలోంచి తీశారు, లాటిన్‌లో పుచ్చకాయ పేరు సిట్రులస్. కాలేయం దీన్ని పెద్దగా పట్టించుకోకుండా వదిలేస్తుంది. మూత్రపిండాల దగ్గర అది ఆర్జినిన్‌గా మారి రక్తంలో కలుస్తుంది. దొడ్డిదారిన శివారుకి చేరే నీళ్లన్నమాట. ఊబకాయం ఉండి, పన్నెండేళ్లు దాటాక ఉబ్బసం మొదలైనవాళ్లలో ఇంకో తిరకాసు ఉంది. ఏడీఎంఏ అనే పదార్థం, అంటే ఆర్జినిన్‌కే రెండు మిథైల్ గుంపులు తగిలించుకున్న దాని కవల, సింథేజ్‌కి అడ్డంగా కూర్చుంటుంది. వీళ్లలో ఆర్జినిన్‌తో పోలిస్తే ఏడీఎంఏ పాళ్లు ఎక్కువగా ఉంటాయి. ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ మాత్రం తక్కువగానే ఉంటుంది. అంటే ఉబ్బసం అనే ఒక్క పేరు కింద రెండు వేర్వేరు కాలువ గొడవలున్నాయి. ఇలాంటివాళ్లకి రోజుకి 15 గ్రాముల సిట్రులిన్ రెండు వారాలు ఇచ్చి చూసిన ఒక ప్రయోగం 2019లో అచ్చయింది. జబ్బు అదుపు కొంత మెరుగైంది. కానీ అది చిన్న ప్రయోగం. అందరికీ తాము ఏం తాగుతున్నదీ తెలుసు, పోల్చడానికి ఉత్తుత్తి మందు తాగిన గుంపు లేదు. ఆశ పెట్టుకోవడానికి చాలు, డబ్బా కొనడానికి చాలదు. జిమ్‌లో డబ్బా ఊపుతున్న సన్నటి కుర్రాడికైతే ఆ ఆశ కూడా వర్తించదు.

సిస్టీన్ దగ్గరా ఇలాంటి మెలికే ఉంది. ల్యూకోట్రయీన్ తోకలో కనిపించిన గ్లూటాథయోన్ అసలు ఉద్యోగం కాపలా. ఊపిరితిత్తుల లోపలి తడిపొరలో అది రక్తద్రవంలో కన్నా వంద రెట్లకు పైగా ఎక్కువగా ఉండి, పొగనీ ఓజోన్‌నీ అడ్డుకుంటుంది. నైట్రిక్ ఆక్సైడ్‌ని మోసుకెళ్లి నాళాలను వదులు చేసే ఒక రూపం కూడా దీనికి ఉంది. ఉబ్బసం ముదిరి వెంటిలేటర్ దాకా వెళ్లిన పిల్లల శ్వాసనాళాల్లో ఆ రూపం బాగా తగ్గిపోయి ఉండటం 1998లోనే గమనించారు. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయంలో గ్లూటాథయోన్ తరిగిపోతుంది కాబట్టి, జ్వరం మాత్రే ఉబ్బసాన్ని పెంచుతోందేమో అనే అనుమానం చాలా ఏళ్లు నడిచింది. వినడానికి చక్కగా అతికే వాదన. 2016లో అమెరికాలో చిన్నపిల్లల మీద పారాసిటమాల్‌నీ ఐబుప్రొఫెన్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తేలలేదు. జీవక్రియల పటంలో గీత ఉన్నంత మాత్రాన ఆ దారిలో నీళ్లు పారుతున్నట్టు కాదు. ఇక గ్లూటాథయోన్ పెంచుతుందని అమ్మే ఎన్-ఎసిటైల్ సిస్టీన్‌ను నెబులైజర్‌లో పీలిస్తే ఉబ్బసం ఉన్నవాళ్లకి నాళాలు ఇంకా బిగుసుకునే ప్రమాదం ఉంది. కఫం కరుగుతుందని సొంతంగా ఆ ప్రయోగం చేయకండి.

ట్రిప్టోఫాన్ గురించి చాలా రాస్తున్నారు గానీ నేను రెండు మాటలతో సరిపెడతాను. అది సెరటోనిన్‌గా మారుతుందని అందరికీ తెలుసు, కానీ ఆ వైపు వెళ్లేది కొద్దిగానే. సుమారు 95 శాతం కైన్యురెనిన్ అనే దారిలో పోతుంది. ఆ దారి రోగనిరోధక కణాలను శాంతపరచగలదు. ఉబ్బసంలో అది ఏ వైపు మొగ్గుతుందనేది మనిషిని బట్టి, జబ్బు తీరును బట్టి మారుతోంది, మందుగా మలిచేంత స్పష్టత రాలేదు.

టైరోసిన్ సంగతి దానికన్నా ముచ్చటగా ఉంటుంది. ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు రెచ్చిపోయినప్పుడు వాటి ఎంజైమ్ ఒకటి ఒంట్లోని బ్రోమిన్‌ను పట్టుకొచ్చి ప్రొటీన్లలోని టైరోసిన్‌కి అతికిస్తుంది. ఆ బ్రోమోటైరోసిన్ మూత్రంలోకి వస్తుంది. ఎవరి ఊపిరితిత్తుల్లో ఇయోసినోఫిల్స్ వీరంగం వేస్తున్నాయో మూత్రంలో చూసి చెప్పొచ్చన్నమాట. మన దగ్గర మామూలుగా చూసేది రక్తంలో ఇయోసినోఫిల్ సంఖ్యే. అది వేలల్లో ఉంటే మాత్రం, ఉబ్బసం అని ముద్ర వేసేముందు కోస్తా జిల్లాల డాక్టర్లు ఫైలేరియా గురించి కూడా ఆలోచిస్తారు. బోదకాలు పురుగు మీద ఊపిరితిత్తులు అతిగా స్పందిస్తే అచ్చం ఉబ్బసంలాగే రాత్రి దగ్గు, పిల్లికూతలు వస్తాయి. ఈ జబ్బును మొదట గుర్తించి 1940లో రాసినవాళ్లు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం డాక్టర్లే. క్షయ అని పంపిన రోగుల్లో కొందరికి క్షయ లేదని గమనించారు. దానికి పనిచేసే డైఇథైల్‌కార్బమజైన్ తర్వాత కొన్నేళ్లకి యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనశాల నుంచి వచ్చింది. ఆ మందు ల్యూకోట్రయీన్ల తయారీని కూడా అడ్డుకుంటుందని ఆయన పోయిన మూడు దశాబ్దాలకి తెలిసింది. జిమ్ కుర్రాళ్లు మింగే క్రియాటిన్ ఉంది చూశారా, ఆర్జినిన్, గ్లైసిన్, మెథియోనిన్ కలిసి తయారయ్యేది, అది కండరంలో ఫాస్ఫేట్‌తో కలిసి ఉంటుందని 1927లో ఫిస్క్‌తో కలిసి చూపించింది కూడా భీమవరం మనిషైన ఆ సుబ్బారావే. క్రియాటిన్ ఎలర్జీ ఉన్న ఎలుకల ఊపిరితిత్తుల్లో వాపు పెంచిందని బ్రెజిల్ నుంచి ఒక ప్రయోగం వచ్చింది. ఎలుకల ఫలితాన్ని మనుషులకి అంటించడం తొందరపాటు. అయినా క్రియాటిన్ మొదలుపెట్టాక ఆయాసం పెరిగిందనిపిస్తే ఆపి చూడటానికి పోయేదేమీ లేదు.

కండల గురించి నిజంగా బెంగ ఉన్నవాళ్లు చూడాల్సింది వేరే చోట ఉంది. "ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, అందులో స్టెరాయిడ్ ఉంది" అని దాన్ని పక్కన పెట్టి, ఆయాసం వచ్చినప్పుడల్లా మందుల షాపులో స్టెరాయిడ్ మాత్రలు కొనుక్కునేవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో. మాత్రగా మింగే స్టెరాయిడ్ చేసే పనుల్లో ఒకటి, కండరంలోని ప్రొటీన్‌ను విరగ్గొట్టి ఆ అమైనో ఆమ్లాలను కాలేయానికి పంపి చక్కెరగా మార్పించడం. నెలల తరబడి ఇలా నడిస్తే తొడలు, భుజాలు కరుగుతాయి. ఉబ్బసం ముదిరినప్పుడు ఒక రోజు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్‌లో రోజుకి పీల్చే బుడెసొనైడ్ 200 నుంచి 400 మైక్రోగ్రాములు. మందులు వేరు కాబట్టి సూటిగా పోల్చలేం గానీ, బరువులో తేడా వంద నుంచి రెండు వందల రెట్లు, పైగా ఆ కొంచెమూ నేరుగా చేరాల్సిన చోటికే చేరుతుంది. ఇన్‌హేలర్ స్టెరాయిడ్ చేసేది మనం ఇందాకటి నుంచి చెప్పుకుంటున్న పనే, ఎగువ తూములు ఎత్తమని ఆజ్ఞలిచ్చే వాపును తగ్గించడం. ఉపశమనం ఇచ్చే నీలం రంగు పంపు ఒక్కటే వాడుతూ పోవడం సరికాదని 2019లో అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు తేల్చేశాయి. ఎందుకంటే అది కండరాన్ని కాసేపు వదులు చేస్తుంది, తూముల జోలికి పోదు. ప్రపంచంలో ఉబ్బసం ఉన్నవాళ్లలో మన దేశం వాటా 13 శాతం దాకా ఉంటే, ఉబ్బసంతో పోయేవాళ్లలో మన వాటా 40 శాతానికి పైనే అని 2019 నాటి ప్రపంచ జబ్బుల భారం అంచనా. ఆ రెండు అంకెల మధ్య దూరంలో ఈ ఇన్‌హేలర్ భయం కూడా ఉంది.

ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలిచే పరీక్షను ఫీనో అంటారు. పెద్ద నగరాల్లో ఛాతీ డాక్టర్ల దగ్గర ఇప్పుడు దొరుకుతోంది. గొట్టంలోకి పది సెకన్లు ఒకే వేగంతో ఊదాలి, అంతే. పెద్దవాళ్లలో అంకె 25 లోపు ఉంటే ఎలర్జీ తరహా వాపు తక్కువని, 50 దాటితే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కి బాగా లొంగే వాపు ఉందని అర్థం చేసుకుంటారు. ఇన్‌హేలర్ సరిగ్గా వాడితే కొన్ని వారాల్లో అంకె దిగుతుంది. వాడుతున్నానని అబద్ధం చెప్పినవాళ్లని కూడా ఇది చాలాసార్లు పట్టిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్ 4, 13 రెండింటి తలుపూ మూసే డుపిలుమాబ్ ఇంజక్షన్ ఇస్తే అంకె గట్టిగా పడిపోతుంది. ఇయోసినోఫిల్స్‌ను తగ్గించే వేరే ఇంజక్షన్లతో అంతగా పడదు. తూము ఎత్తింది ఎవరనేదానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

మన కుర్రాడి ప్రొటీన్ పొడి విషయానికొస్తే, పాల ఎలర్జీ లేనంతవరకు, పాల నుంచి తీసే 'వే' ప్రొటీన్ వల్ల ఉబ్బసం పెరుగుతుందని భయపడక్కర్లేదు, అమ్మతో ఆ మాట చెప్పొచ్చు. వ్యాయామం కూడా మానక్కర్లేదు. ఆర్జినిన్, సిట్రులిన్, బీట్‌రూట్ సారం కలిపిన డబ్బా మాత్రం ఫీనో పరీక్షకి ముందు తాగి వెళ్లకూడదు. నోటి ద్వారా ఆర్జినిన్ ఇచ్చి 1990ల చివర్లో చూసిన ప్రయోగంలో ఉబ్బసం రోగుల ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ నిజంగానే పెరిగింది. నాళాలు బిగుసుకునే స్వభావంలో మార్పు నామమాత్రం. బీట్‌రూట్, పాలకూరల్లోని నైట్రేట్ కూడా అంకెను పెంచుతుంది. ట్రైనర్ చెప్పినట్టు డబ్బా నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతుంది, మీటర్‌లో కనిపిస్తుంది కూడా. ఆ అంకె చూసిన డాక్టర్ ముందురోజు ఏం తాగావని అడగకపోతే ఇన్‌హేలర్ మోతాదు రెట్టింపు చేసి పంపిస్తారు.